ఒంటి పడక

ఫిబ్రవరి 11

చిన్నా,

ఉత్తరం అనగానే "మేమంతా క్షేమం" అని మొదలుపెట్టడం నా చేతికి అలవాటు. "మేమంతా" దగ్గరే కలం ఆగిపోయింది. ఇంట్లో ఇప్పుడు మేము లేము, నేనున్నాను. పైన ఆ కొట్టివేత అందుకే. మంచి కాగితం, పారేయడానికి మనసొప్పలేదు.

నువ్వు మళ్లీ ఫోన్ చేశావని మా అమ్మాయి వచ్చి చెప్పింది. చెయ్యకురా. నాకు ఫోన్లో సగం వినపడదు, వినపడ్డ సగాన్ని నా ఇష్టమొచ్చినట్టు అతుక్కుంటాను. ఆ మధ్య నువ్వు "మోకాలు నొప్పి" అంటే "మేకలు కొన్నా" అని విని, ఎన్ని కొన్నావు, ఎక్కడ కడతావు అని అడిగానట. మీ అన్నయ్య పడీపడీ నవ్వాడు. బట్టల మిల్లులో మగ్గాల మధ్య పాతికేళ్లు నిలబడినదాన్ని, చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. నువ్వు ఉత్తరం రాయి. నీకు అక్షరాలు దిద్దించిందే నేను, నీ కోడికాళ్ల రాత నాకు కొత్త కాదు.

చెప్పాల్సింది డబ్బా గురించి. మీ అన్నయ్య పంపుహౌసులో రిటైరయిన కొత్తలో, మూతపడ్డ ఫర్నిచర్ దుకాణం వాళ్ల సామాన్ల ట్రైలర్ కొనుక్కొచ్చాడు కదా. రెండు చక్రాల మీద ఒక రేకుల పెట్టె, కిటికీ కూడా లేదు. పక్కన సోఫా బొమ్మ ఇంకా అలాగే ఉంది. దీన్ని లోపల చిన్న ఇల్లులా చేసి, కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరుగుదాం అన్నాడు. ఏడాది పాటు పొద్దున టీ తాగి అందులోకి వెళ్తే భోజనానికే బయటికొచ్చేవాడు. ఆ రోజు ఆయన వెళ్లింది కూడా దాని కిటికీ కోసమే. బస్టాపులో చంకలో కిటికీతో కూలిపోయాడు. ఆయన్ని ఆసుపత్రివాళ్లు తీసుకెళ్లారు. కిటికీని ఒక బస్సు కండక్టరు అడ్రసు కనుక్కుని ఇంటికి తెచ్చిచ్చాడు. గీత కూడా పడలేదు.

అమ్మాయి అమ్మేద్దామంటోంది. పెరడంతా అదే ఆక్రమించిందనీ, చూసినప్పుడల్లా నాకు బాధ అనీ. నాకు బాధగానే ఉంది. కానీ సగంలో ఆపిన పని నాకు పడదు. మిల్లులో కూడా సగం నేసిన బట్ట మగ్గం మీద వదిలి షిఫ్టు దిగేదాన్ని కాదు. పూర్తి చేద్దామనుకుంటున్నాను. నువ్వు ఓడలకే అతుకులేసేవాడివి, ఈ డబ్బా నీకొక లెక్కా? ఏం మిగిలిందో, ఏది ముందు చెయ్యాలో రాయి.

దినాలకి నువ్వొచ్చిన నాలుగు రోజుల్లో దాని తలుపు ఒక్కసారీ తియ్యలేదు. గమనించాను. చూడలేకపోయావులే.

మీ ఆవిడని అడిగానని చెప్పు.

వదిన

*

ఫిబ్రవరి 24

వదినా,

నీ ఉత్తరం రేవు ఆఫీసుకి వచ్చింది. మా మేస్త్రీ అది పట్టుకుని "ఎవరయ్యా ఈ కాలంలో" అంటూ అందరికీ చూపించాడు. మా వదిన అన్నాను. వదినలు ఇంకా ఉత్తరాలు రాస్తున్నారా అని నవ్వాడు. నువ్వు ముందు నుంచీ నాకు నవ్వులాటలు తెచ్చిపెట్టే మనిషివే.

కిటికీ నువ్వు పెట్టగలవు. తొందరపడకు. ముందు కిటికీ చట్రాన్ని లోపలి వైపు ప్లైవుడ్ మీద ఆనించి పెన్సిలుతో గీయి. నాలుగు మూలలా రంధ్రాలు వేసి, ఆ రంధ్రాల్లోంచి బయటికి చూసి, ఇనుప పట్టీ ఏదీ అడ్డురాలేదని తేల్చుకున్నాకే రంపం పెట్టు. చట్రం చుట్టూ జిగురు పట్టీ ఒక్క ముక్కగా రావాలి. అతుకు పడితే కింద వైపే పడాలి, పైన పడిందా, వాన నీళ్లు తిన్నగా లోపలికి చుట్టపుచూపుకి వస్తాయి.

ఇంకోటి. సామాను ఏది పెట్టినా బరువు ఇరుసుకి ముందు వైపు ఎక్కువ ఉండాలి. వెనక్కి పడితే రోడ్డు మీద డబ్బా తోక ఆడిస్తుంది, కారుని కూడా తనతో లాక్కుపోతుంది. నీళ్ల డ్రమ్ము ముందు పెట్టు.

ఇవన్నీ రాశాను కానీ వదినా, నీకెందుకీ శ్రమ? కిటికీ పెట్టి తలుపు వేసెయ్. నాకు సెలవు దొరికినప్పుడు వచ్చి తీసుకెళ్తాను. ఇక్కడ షెడ్డులో పెట్టుకుంటా. అమ్మాయికి పెరడు ఖాళీ అవుతుంది, నీకు చూసే బాధ తప్పుతుంది. మా ఆవిడ కూడా అదే అంది.

మేకలు బాగున్నాయి.

చిన్నా

*

మార్చి 9

చిన్నా,

కిటికీ పెట్టేశాను! అమ్మాయి బయట నుంచి పట్టుకుంది, నేను లోపల నుంచి బిగించాను. గీతలు రెండుసార్లు కొలుచుకుని, ఆ తర్వాతే రంపం రేకులో దింపాను. అమ్మాయి చెవులు మూసుకుంది. నాకు ఆ ఇబ్బంది లేదు, అరచేతుల్లో అదురు మాత్రం తెలిసింది. నీ మాట ప్రకారం అతుకు కింద వైపే వేశాను. తర్వాత గొట్టంతో నీళ్లు కొట్టి చూశాం. ఒక్క చుక్క దిగలేదు. అమ్మాయి నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. ఎందుకే అంటే ఏదో అంది. మొహం నా భుజం మీద ఉంది, పెదాలు కనపడలేదు. అడిగితే మళ్లీ ఏడుస్తుందని తలూపేశాను.

వెలుతురు పడ్డాక లోపల కూర్చుని మొదటిసారి తీరిగ్గా చూశాను. ఆయన ఉన్నప్పుడు నన్ను పూర్తిగా అయ్యేదాకా రావద్దనేవాడు. బాగా చేశాడురా. గోడలకి ఫోమ్ పలకలు మూడు వరసలు వేసి పైన ప్లైవుడ్ కొట్టాడు. వెనక చిన్న పొయ్యి గట్టు, దాని కింద అరలు. ముందు వైపు అడ్డంగా పడక.

పడక మీద వెల్లకిలా పడుకుని చూశాను. ఒక చెయ్యి గోడకి తగిలింది, రెండోది గాల్లో వేలాడింది.

ఇద్దరం ఎలా పడుకుంటాం అనుకున్నాడు? ఆయన సంగతి నీకు తెలుసు, మంచమంతా తనదే అన్నట్టు పడుకునే మనిషి. పక్కన ఇంకో పడక పెట్టే చోటు కూడా లేదు. నీతో ఏమైనా అన్నాడా? కొలత తప్పాడేమో అనుకున్నాను. కానీ మీ అన్నయ్య కొలత తప్పడం నేను చూడలేదు.

బండి నువ్వు తీసుకెళ్లడం గురించి తర్వాత మాట్లాడదాం. ఇంకా పూర్తి కానిదే ఎవరు తీసుకెళ్తారు?

వదిన

*

మార్చి 20

వదినా,

కిటికీ సంగతి మేస్త్రీకి చెప్పాను. "మీ వదినని ఇక్కడ పనిలో పెట్టుకుందామా" అన్నాడు.

పడక గురించి నువ్వు బుర్ర పాడుచేసుకోకు. అన్నయ్య పైన ఇంకో పడక వేలాడదీద్దామనుకున్నాడు, రైల్లో పైబెర్తు ఉంటుంది చూడు, అలాంటిది. పగలు గోడకి మడిచేసి, నిద్రవేళ గొలుసుల మీద దించుకునేది. నాతో ఫోన్లో అన్నాడు. "కింద మీ వదినకి, పైన నాకు" అన్నాడు. అది చెయ్యకముందే ఇలా అయింది.

ఫోమ్ మూడు వరసలు చలికి.

ఇక్కడ పని మీద పని. ఒక ఓడ అడుగున తుప్పు పట్టి వచ్చింది. నేను దాని కిందే బతుకుతున్నాను. రాత్రికి ఒళ్లంతా ఇనుప వాసన. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఎక్కువసేపు వంగి పని చెయ్యకు.

చిన్నా

*

ఏప్రిల్ 2

చిన్నా,

పైబెర్తు సంగతి చదివి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ ఉత్తరం అమ్మాయికి చూపించాను, పక్కింటివాళ్లకి కూడా చూపించాను. ఆయన అనుకున్నది నేను చేద్దామని నిర్ణయించుకున్నాను.

దీపాల వైర్లు సగంలో వేలాడుతున్నాయని ఒక ఎలక్ట్రీషియన్ని పిలిచాను. చిన్నపిల్ల, మగపిల్లాడిలా జుట్టు కత్తిరించుకుంది, మాట్లాడేటప్పుడు మొహం నా వైపే పెట్టి మాట్లాడుతుంది. కరెంటు పిల్ల అని పిలుస్తున్నాను, నవ్వుతుంది. పనిలో పనిగా పై పడకకి గొలుసులు ఎక్కడ బిగించాలో చూడమన్నాను. గొలుసు మనిషి బరువు మొయ్యాలంటే ప్లైవుడ్ వెనక గట్టి చెక్క ఉండాలంది. అది నాకూ తెలుసు. గోడ తట్టి చూసి తల అడ్డంగా ఊపింది. నేను నమ్మలేదు. పై పలకలు రెండు వైపులా విప్పించాను.

వెనక చెక్క లేదు చిన్నా. ఫోమ్, ఫోమ్, మళ్లీ ఫోమ్. మీ అన్నయ్య ఒక చిన్న అర బిగించాలన్నా ముందే వెనక చెక్క పెట్టే మనిషి. ఆ పడకకి సరిగ్గా పైన, మనిషి కూర్చుంటే తలకి అందే ఎత్తులో, మరలతో పుస్తకాల అర బిగించి ఉంది. గొలుసుల మీద దిగే పడక ఆ అరలోంచి ఎలా దిగుతుంది?

కరెంటు పిల్ల వైర్లు చూసుకుంటూ పోయింది. పడక దగ్గర దీపం ఒక్కటే. స్విచ్చి ఒక్కటే. తలుపు పక్కన కోటు తగిలించే కొక్కెం ఒక్కటే. గట్టు మీద కప్పు జారకుండా చెక్కలో తొలిచిన గుంట, అదీ ఒక్కటే. ఆ పిల్ల నా వైపు తిరిగి అడిగింది: "ఆంటీ, మీరు వెళ్లరా?"

నువ్వు నాకు అబద్ధం రాశావు. నన్ను ఊరుకోబెట్టడానికి రాశావో, మీ అన్నయ్యని కాపాడటానికి రాశావో తెలీదు. నిజం చెప్పు. ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఉంటే పడక వెడల్పుగా ఉండేదిగా అనుకుంటే కాసేపు నవ్వొచ్చింది కూడా. తర్వాత రాలేదు.

వదిన

*

ఏప్రిల్ 10

వదినా,

ఎవరూ లేరు. ఒట్టు.

ఇంతకన్నా ఏమీ అడక్కు. పోయిన మనిషి, మంచి మనిషి. నిన్ను ఎలా చూసుకున్నాడో నీకు తెలుసు. చెక్క ఎందుకు లేదు, అర ఎందుకు ఉంది అని గోడలు విప్పుకుంటూ పోతే మిగిలేది దుమ్మే. నా మాట విని బండి నాకిచ్చెయ్. వచ్చే నెలలోనే వచ్చి తీసుకెళ్తాను, ఎలాగో సెలవు పుట్టిస్తాను. లేకపోతే అమ్మాయి చెప్పినట్టు అమ్మెయ్.

చిన్నా

*

ఏప్రిల్ 19

మరిదిగారికి,

మీ ఉత్తరం అందింది. ట్రైలర్ మీద మీకు మొదటి నుంచీ మనసున్నట్టు ఇప్పుడు తెలిసింది. ప్రతి ఉత్తరంలోనూ తీసుకెళ్తాననే రాశారు. మీ అన్నగారి వస్తువు, మీకు హక్కు ఉంది. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి. తాళం అమ్మాయి దగ్గర ఉంటుంది. నేను ఇంట్లో లేకపోయినా ఇబ్బంది లేదు.

విప్పిన పలకలు మళ్లీ బిగించేశాను. మీకు ఆ శ్రమ ఉండదు.

ఇట్లు
మీ వదినగారు

*

ఏప్రిల్ 27

వదినా,

నువ్వు నన్ను "గారు" అన్నావు. నా నిక్కరు జారిపోతుంటే బడి గుమ్మంలో పిన్నీసు పెట్టినదానివి. ఆ ఒక్క ముక్కకి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. మా ఆవిడ నీ ఉత్తరం చదివి, "చెప్పెయ్యండి. దాస్తే ఆవిడ ఇంకా పెద్దది ఊహించుకుంటుంది" అంది.

నాకు ట్రైలర్ అక్కర్లేదు. నీ కళ్ల ముందు నుంచి తీసెయ్యాలని తప్ప.

అన్నయ్య వానలప్పుడు డబ్బాలోంచి నాకు ఫోన్ చేసేవాడు. మొదటిసారి చేసినప్పుడు గొంతు గుర్తుపట్టలేకపోయాను. "ఒరేయ్, ఎంత మెల్లగా మాట్లాడుతున్నానో చూడు" అన్నాడు. "తలుపేసుకుంటే బయట వాన కూడా వినపడటం లేదు" అన్నాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఫోమ్ మూడు వరసలు చలికి కాదు వదినా.

తర్వాత ఒక రోజు అన్నాడు. అన్నది అన్నట్టు రాస్తున్నాను. "ముప్పై ఏళ్లు పంపుల మోతలో అరిచాను. ఇంటికొచ్చి మీ వదినకి వినపడాలని అరిచాను. టీ తాగుతావా అనాలన్నా మెడ నరాలు తేలాల్సిందే. మెల్లగా చెప్పుకునే మాటలు ఎప్పుడో మానేశాన్రా. ఏవి మానేశానో కూడా గుర్తులేదు. ఒక నెల ఎక్కడన్నా చెట్ల కింద ఈ డబ్బా ఆపుకుని, నోరు మూసుకుని కూర్చోవాలి. ఒక్కణ్ణే."

వదినకి చెప్పావా అని అడిగాను. "ఎలా చెప్పను? ఈ మాట చెప్పాలన్నా అరిచే చెప్పాలి. నీకు అరిచి అరిచి అలిసిపోయానే అని అరిచి చెప్తారా ఎవరైనా? చెవులు పోవడం దాని తప్పా?" అన్నాడు.

ఇంతే. ఇంతకు మించి లేదు. తిరిగొస్తావా అని కూడా అడిగాను. "రాక ఎక్కడికి పోతాను" అన్నాడు.

తిట్టు. కానీ "గారు" అనకు.

చిన్నా

*

మే 20

వదినా,

జవాబు లేదు. అమ్మాయికి ఫోన్ చేశాను. నువ్వు ఇంట్లో పడుకోవడం లేదనీ, డబ్బాలోనే ఉంటున్నావనీ, పలకరిస్తే తలూపి లోపలికి వెళ్లిపోతున్నావనీ చెప్పింది. తలుపు లోపల గడియ పెట్టుకుంటే కొట్టినా నీకు వినపడదు కదా, ఏదైనా అయితే ఎలా అని దానికి భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది.

చెప్పకుండా ఉండాల్సిందేమో. ఒక ఓడ పనికి రాదని తెలిసినా యజమానికి మెల్లగా చెప్పాలంటాడు మా మేస్త్రీ. ఆ మెల్లగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే. పొయ్యి వెలిగించేటప్పుడు పైకప్పు మీద గాలి మూత తెరిచి ఉంచు, అది మాత్రం మరిచిపోకు.

చిన్నా

*

జూన్ 1

చిన్నా,

బతికే ఉన్నాను. గాలి మూత తెరిచే ఉంచుతున్నాను. గడియ తీసేయించాను, అమ్మాయికి చెప్పు. నా మాట నమ్మడం లేదు.

నీ ఉత్తరం చదివాక మొదట కొన్నాళ్లు డబ్బా వైపు పోలేదు. వంటింటి కిటికీకి దుప్పటి కట్టేశాను, అది కనపడకుండా. ఆయన మొదట్లో అన్న మాట పట్టుకుని కూర్చున్నాను. "ఊళ్లు తిరుగుదాం" అన్నాడని నీకు రాశాను కదా. "తిరుగుతా" అన్నాడేమో చిన్నా. మాట చివరి అక్షరం నాకెప్పుడూ అందదు. పెదాలు మూసుకున్నాయో లేదో చూసి అల్లుకుంటాను. ఆయన వెనక్కి తిరిగి కారు తుడుస్తూ అన్నాడు. పెదాలు నేను చూడలేదు. ఏడాది పాటు ఆయన ఒక్కడి ప్రయాణానికి నేను ఇద్దరికి దుప్పట్లు కుట్టాను. ఆయన చూస్తూ ఊరుకున్నాడు.

అప్పుడు సుత్తి తీసుకుని వెళ్లాను. పడక విరగ్గొడదామని. రెండు దెబ్బలు వేశాను. కదల్లేదు. మీ అన్నయ్య పనితనం అలాంటిది, కోపానికి కూడా లొంగదు. మూడోది వెయ్యడానికి చేతుల్లో సత్తువ లేక దాని మీదే కూలబడ్డాను, తర్వాత ఒరిగాను. కళ్లు తెరిచేసరికి పొద్దెక్కింది.

ఇది నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు, రాస్తూ చూస్తాను. నేను కళ్లతో వింటాను. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూడాలి, కనుబొమలు చూడాలి, నవ్వాలా అయ్యో అనాలా అని తేల్చుకోవాలి. తేలకపోతే తలూపాలి. మంచం మీద కూడా అంతే. ఆయన కదిలితే ఏమైనా అంటున్నాడేమోనని కళ్లు తెరిచేదాన్ని. ఎన్ని మాటలకి అర్థం కాకుండా తలూపానో, ఏమేమి ఒప్పుకున్నానో దేవుడికే తెలియాలి. అరిచి ఆయన అలిసిపోతే, చూసీ చూసీ నేనూ అలిసిపోయాను. అలిసిపోయానని నాకే తెలీదు. ఆ డబ్బాలో చూడటానికి ఎవరి మొహమూ లేదు. కళ్లు మూసుకుంటే నిజంగా మూసుకున్నట్టే ఉంది. అందుకే అక్కడ ఉంటున్నాను. నాకు పిచ్చి పట్టలేదు.

ఆయన మీద కోపం పోయిందనుకోకు. ఇప్పుడే సరిగ్గా మొదలైంది. అరవలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వొచ్చు కదరా! నువ్వూ నేనూ ఇన్ని నెలలుగా ఒక్క కేక లేకుండా మాట్లాడుకోవడం లేదా? నెల రోజులు పోయొస్తానని ఒక చీటీ రాసి టీ కప్పు కింద పెడితే నేనేం చేసేదాన్ని? ఏడ్చేదాన్ని. మూతి ముడుచుకునేదాన్ని. తర్వాత పోయిరా, వచ్చాక నాకూ ఒకటి చేసిపెట్టు అనేదాన్ని. అనేదాన్నో లేదో, ఇప్పుడు చెప్పడం తేలిక. "రాక ఎక్కడికి పోతాను" అన్నది కూడా ఏం జవాబది? వస్తాను అనడానికి ఆయనకి నోరు రాలేదా?

నువ్వు చెప్పడమే మంచిదయింది. అబద్ధం రాయడం మాత్రం మంచిది కాలేదు. పక్కింటివాళ్లకి కూడా చూపించాను దాన్ని.

నెలాఖరుకి సెలవు పెట్టు. కరెంటు పిల్ల దీపాలు వెలిగించేసింది. నన్నూ డబ్బానీ ఎక్కడన్నా నీళ్ల ఒడ్డున దించి నువ్వు వెళ్లిపో. ఉంటానని అనకు. పడక ఒకటే, అది నాది.

వదిన

*

జూన్ 9

వదినా,

సెలవు దొరికింది. ఇరవై ఏడున వస్తాను. టైర్లు ఏడాదికి పైగా కదలకుండా నిలబడ్డవి, గాలి కొట్టినా నమ్మలేం, కొత్తవి తెస్తున్నాను. కారుకి హుక్కు అన్నయ్య పెట్టిందే అయినా అతుకు నేను మళ్లీ చూస్తాను. చూడకుండా ఒక్క అడుగు కదలనివ్వను.

మా రేవు దారిలో నది మలుపు దగ్గర ఇలాంటి బళ్లు ఆపుకునే మైదానం ఉంది. పంపు, దీపాలు, ఒక కాపలాదారు ఉన్నాడు. అక్కడైతే ఆదివారం ఆదివారం నేను రాగలను. నిన్ను ఒంటరిగా వదలడం నాకు ఇష్టం లేదని ఒక్కసారి రాసి ఊరుకుంటున్నాను.

పెరట్లోంచి లాగేటప్పుడు అమ్మాయిని దగ్గర ఉండమను.

చిన్నా

*

జులై 3

చిన్నా,

నువ్వు కారు తిప్పుకుని వెళ్లిపోయాక మెట్టు మీద కూర్చుని, ఏం చేశానురా నేను అనుకున్నాను. నది ఉంది, చెట్లున్నాయి, ఎవరూ తెలీదు. చీకటి పడేదాకా అలాగే ఉన్నాను. మొదటి రెండు రోజులు పంపుకి తప్ప బయటికి రాలేదు. ఎవరైనా పలకరిస్తే ఎలా అని.

ఇవాళ పొద్దున టీ పెట్టుకున్నాను. ఆ గుంటలో కప్పు సరిగ్గా కూర్చుంది. ఆయన ఇక్కడే ఇలాగే కూర్చునేవాడు, నేను అక్కడ ఇంట్లో ఇద్దరి దుప్పట్లు సర్దుకుంటూ ఉండేదాన్ని అనిపించింది. ఇక ఆగలేకపోయాను. ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఎందుకు చెప్పలేదని అడిగాను. నన్నొక గోడ అనుకున్నావా అన్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన రోజులన్నీ చెప్పాను. మిల్లు సంగతులు చెప్పాను, పెళ్లయిన కొత్తలో ఆయన చెవి దగ్గర మెల్లగా అన్న ఒక మాట గుర్తుందా అని అడిగాను. అది నీకు రాయను. మనసులో గొణుక్కుంటున్నాననే అనుకున్నాను. నా గొంతు నాకు తెలీదు కదా.

తలుపు తెరుచుకుంది. పక్క బండావిడ, చేతిలో గరిటెతో, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఆవిడ వెనక కాపలాదారు. ఆ వెనక ఇంకెవరో. నది అవతలి ఒడ్డుకి వినపడేలా అరిచానట! లోపల ఎవరో నన్ను కొడుతున్నారనుకున్నారు. ఫోమ్ మూడు వరసలున్నా ఆగలేదు చూడు, కిటికీ తెరిచి ఉంది.

నాకు వినపడదని చేత్తో చూపించాను. ఆవిడ మగవాళ్లిద్దరినీ పంపించేసి లోపలికి తొంగి చూసింది. పడక చూసింది, ఒక్క దిండు చూసింది. "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అని అడిగింది. పెదాలు విడదీసి, నెమ్మదిగా, అరవకుండా.

"మావారితో" అన్నాను.

"ఏరీ ఆయన?"

చిన్నా, నీకొక సంగతి తెలుసా, ఆ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం పడలేదు. ఆసుపత్రివాళ్లు అమ్మాయికి చెప్పారు, అమ్మాయి నీకు చెప్పింది, వీధికి వీధి చెప్పుకుంది. అందరూ తెలిసే వచ్చారు, నేను తలూపుతూ కూర్చున్నాను. ఇక్కడ ఈవిడకి తెలీదు. నేనే చెప్పాలి.

"పోయారు" అన్నాను. గట్టిగా అన్నానో, మెల్లగా అన్నానో తెలీదు. నోటి నుంచి వచ్చింది మాత్రం తెలిసింది. ఆ తర్వాత ఏడ్చాను. ఇన్నాళ్లూ ఏడవలేదని కాదు, ఇలా ఏడవలేదు. ఆవిడ గరిటె గట్టు మీద పెట్టి నా పక్కన ఆ ఇరుకు పడక మీదే కూర్చుంది. ఇద్దరికి పట్టింది, కూర్చోవడానికైతే. ఆవిడేమీ అనలేదు. అనకపోవడం నేను చూశాను.

కూర మాడిపోయిందని గుర్తొచ్చి కాసేపటికి వెళ్లింది. సాయంత్రం మళ్లీ వస్తానంది. నన్ను కూడా రమ్మంది, వాళ్ల బండిలో పొయ్యి పొగ బయటికి పోవడం లేదట, చూడమంది.

ఈ ఆదివారం రావద్దు. పై ఆదివారం రా.

వదిన